వదులైన వాచీ చైను లాక్: వంచే ముందు చూడాల్సినవి, వంచక తప్పనప్పుడు చేయాల్సినవి

చేయి విదిలించినప్పుడు చైను లాక్ ఊడి వాచీ అరచేతి మీదకు జారిందంటే, చాలామంది చేయి వెంటనే పట్టకారు మీదకు వెళ్తుంది. వదులైంది కాబట్టి నొక్కితే బిగుస్తుందని లెక్క. నేనూ ఒకసారి అలాగే నొక్కాను. లాక్ మూత మీద పట్టకారు పళ్ల అచ్చులు పడ్డాయి గానీ లాక్ మాత్రం పట్టలేదు. తర్వాత భూతద్దం పెట్టి చూస్తే, మూత లోపలి మూలల్లో చెమట, దుమ్ము కలిసి గట్టిపడిన నల్లటి మురికి కనిపించింది. అది తీసేయగానే లాక్ మామూలుగా పట్టింది. అచ్చులు మాత్రం అలాగే ఉన్నాయి, టైము చూసుకున్నప్పుడల్లా పలకరిస్తుంటాయి.

అందుకే ఇక్కడ వంచే పని చాలా దూరంలో వస్తుంది. లోపం ఎక్కడుందో తేలేదాకా పట్టకారు పక్కనే ఉండనివ్వండి.

కావాల్సినవి

భూతద్దం, మెత్తటి పాత టూత్‌బ్రష్, గిన్నెలు తోమే ద్రవం, చెక్క టూత్‌పిక్‌లు, మాస్కింగ్ టేపు, సన్నని మూతి ఉన్న పట్టకారు, స్ప్రింగ్ పిన్నులు (చైనును పట్టి ఉంచే సన్నని కడ్డీలు, నొక్కితే కొనలు లోపలికి వెళ్తాయి) తీసే చిన్న పనిముట్టు, నల్ల మార్కర్ పెన్ను, ఒక చుక్క కుట్టుమిషను నూనె. పట్టకారు మూతి లోపల పళ్లు లేకుండా నున్నగా ఉంటే మంచిది. పళ్లున్నదే దొరికితే రెండు దవడలకూ రెండు మూడు చుట్లు టేపు చుట్టండి.

పని చేసే చోట అంచులున్న పళ్లెంలో తువ్వాలు పరిచి కూర్చోండి. స్ప్రింగ్ పిన్ను ఎగిరిందంటే మళ్లీ దొరకడం అదృష్టమే. దాన్ని తీసేటప్పుడు వాచీనీ రెండు చేతులనూ పెద్ద పారదర్శక ప్లాస్టిక్ సంచిలో ఉంచి పనిచేస్తే, ఎగిరినా సంచిలోనే పడుతుంది. చూసేవాళ్లకు నవ్వు రావచ్చు గానీ, గది మూలలన్నీ పాకుతూ వెతకడం కన్నా నయం. కళ్లద్దాలుంటే పెట్టుకోండి, పిన్ను కంటి వైపు కూడా ఎగరగలదు.

1. మీది ఏ రకం లాక్?

ఇంట్లో కనిపించేవి ఎక్కువగా మూడు రకాలు. మొదటిది మూడు మడతల లాక్. ఇందులో రెండు వంపు రేకులు ఒకదాని మీద ఒకటి మడుచుకుని పైమూత కింద దాక్కుంటాయి. రాపిడి బలంతోనే మూసుకుని ఉంటుంది, గోరు పెట్టి లాగితే తెరుచుకుంటుంది. కొన్నింటికి పైన మరో చిన్న రెక్క అదనపు కాపలాగా ఉంటుంది. రెండోది పక్కల గుండీలున్న లాక్. రెండు గుండీలూ ఒకేసారి నొక్కితేనే విడుతుంది. మూడోది సీతాకోకచిలుక లాక్. మూసినప్పుడు లాక్ ఎక్కడుందో కూడా తెలియకుండా చైనులో కలిసిపోతుంది, తెరిస్తే రెక్కల్లా రెండు వైపులా విచ్చుకుంటుంది.

ఇంట్లో వంచి బాగుచేయగలిగేది మొదటి రకమే, అందులోనూ పలుచని రేకుతో చేసినదే. మందమైన లోహాన్ని కోసి చేసిన లాక్‌లు వంగవు, బలవంతం చేస్తే పాడవుతాయి. సిరామిక్ అయితే పగులుతుంది. బంగారు పూత ఉన్నది వంగుతుంది గానీ, వంపు దగ్గర పూతకు పగుళ్లొచ్చి పొట్టులా లేస్తుంది. టైటానియం ఉక్కు కన్నా బాగా స్ప్రింగులా వెనక్కి వస్తుంది కాబట్టి ఎంత వంచితే ఎంత నిలుస్తుందో అంచనా కుదరదు. ఇలాంటి వాటన్నింటినీ కడగండి, పిన్ను చూడండి, అక్కడితో ఆపండి.

2. వదులు లాక్‌లోనా, మరోచోటా?

వాచీ చేతికి పెట్టుకుని లాక్ మూయండి. చైను కింద చిటికెన వేలు కాస్త సులువుగా దూరాలి. అసలు దూరకపోతే చైను బిగుతుగా ఉన్నట్టు. పిడికిలి బిగించినప్పుడు, మణికట్టు వంచినప్పుడు కండరాలు ఉబ్బి లాక్‌ను లోపలి నుంచి తెరిచే ప్రయత్నం చేస్తాయి. అలాంటప్పుడు లాక్‌ను ఎంత బిగించినా ఊడుతూనే ఉంటుంది. ఎండ వేళ మణికట్టు కొంచెం ఉబ్బుతుంది. ఉదయం సరిగ్గా ఉండి మధ్యాహ్నం ఊడుతోందంటే ముందు దీన్నే అనుమానించండి.

చైను మరీ పొడవై వాచీ గుండ్రంగా తిరుగుతున్నా లాక్‌కు చేటే. లాక్ పక్కకు వచ్చి బల్ల అంచులకు, సంచి పట్టీలకు తగులుతుంది, రెక్క లేస్తుంది.

ఈ రెండింటికీ మందు లాక్ పక్క గోడల మీదే ఉంటుంది. వరుసగా కొన్ని చిన్న రంధ్రాలు కనిపిస్తాయి. చైను చివర ఆ రంధ్రాల్లో ఒక స్ప్రింగ్ పిన్నుతో నిలబడుతుంది. పనిముట్టు మొనతో పిన్ను కొనను లోపలికి నొక్కి, పక్క రంధ్రంలోకి జరపండి. లాక్ మధ్య వైపు జరిపితే చైను పొట్టిదవుతుంది, బయటి అంచు వైపు జరిపితే పొడవవుతుంది. రెండు వైపులా ఒకే వరుస సంఖ్య రంధ్రంలో ఉందో లేదో లెక్కపెట్టుకోండి. ఒక వైపు 2వ రంధ్రంలో, మరో వైపు 3వ రంధ్రంలో పడితే చైను వంకరగా లాగి లాక్ ఒక పక్కే అరుగుతుంది. సీతాకోకచిలుక లాక్‌లకు సాధారణంగా ఈ రంధ్రాలు ఉండవు, లింకు తీయడమో కలపడమో చేయాల్సిందే.

లింకు తీసేటప్పుడు లోపలి వైపున్న బాణం గుర్తును చూడండి. పిన్నును బాణం చూపిన వైపుకే తోయాలి, తిరిగి పెట్టేటప్పుడు ఎదురు దిశలో. చీలిక ఉన్న పిన్ను అయితే ఏ కొన ఎటు ఉండి బయటకు వచ్చిందో ఫోనులో ఒక ఫొటో తీసుకోండి, అలాగే పెట్టండి.

3. కడగండి

చైనును వాచీ నుంచి విడదీయగలిగితే విడదీసి కడగడమే మేలు. విడదీయకపోతే వాచీ భాగాన్ని ప్లాస్టిక్ కాగితంతో చుట్టి, టేపు వేసి, లాక్ భాగాన్ని మాత్రమే నీళ్లలో పెట్టండి. నీటి నిరోధకత ఉందని వెనక రాసి ఉన్నా పాత వాచీ రబ్బరు వలయాన్ని నమ్మకండి. వయసు మీద పడితే అది గట్టిపడుతుంది.

గోరువెచ్చని నీళ్లలో రెండు చుక్కల ద్రవం వేసి, లాక్ తెరిచి పావుగంట నాననివ్వండి. తర్వాత బ్రష్‌తో కీళ్ల దగ్గర, మూత లోపలి మూలల్లో, రేకు చివరి వంపు కింద తోమండి. బ్రష్ పోనిచోట టూత్‌పిక్. చెక్క అరుగుతుంది, ఉక్కు మీద గీత పడదు. సూదితో గీకాలనిపిస్తుంది, ఆపుకోండి. లాక్‌ను తెరుస్తూ మూస్తూ మళ్లీ నీళ్లలో ముంచితే కీళ్ల లోపలి మురికి బూడిద రంగులో బయటకు వస్తుంది. అది ఆగేదాకా చేయండి. బ్లీచ్ కలిసిన ద్రవాలు వద్దు. క్లోరిన్ స్టెయిన్‌లెస్ ఉక్కును కూడా చిన్న చిన్న గుంటలుగా తింటుంది.

మెత్తటి గుడ్డతో తుడిచి, కొన్ని గంటలు ఆరనిచ్చాకే మూసి చూడండి. తడి ఉన్నప్పుడు లాక్ మామూలు కన్నా జారుడుగా ఉంటుంది, మీ అంచనా తప్పుతుంది.

ఇక్కడితో పని అయిపోయి ఉండే అవకాశం చాలా ఎక్కువ. టక్‌మని శబ్దం వస్తూ మూసుకుంటే నేరుగా 8వ భాగానికి వెళ్లండి.

4. సిరా పరీక్ష

కడిగినా పట్టకపోతే, రెండు లోహాలు ఎక్కడ ఒకదాన్నొకటి తాకాలో, అక్కడ నిజంగా తాకుతున్నాయో లేదో తెలియాలి. కంటికి అది కనిపించదు. మార్కర్ పెన్ను చూపిస్తుంది.

మూడు మడతల లాక్‌ను వెలుతురులో తెరిచి పట్టుకోండి. లోపలి రేకు చివర కొద్దిగా వంగిన కొన ఒకటి ఉంటుంది, దాన్ని నాలుక అందాం. మూసినప్పుడు అది ఎదురుగా ఉన్న అడ్డకడ్డీని గానీ అంచును గానీ దాటి దాని కిందకు వెళ్లి కూర్చుంటుంది. కొన్ని లాక్‌లలో నాలుక మూతకు ఉండి, కడ్డీ రేకు వైపు ఉంటుంది, సంగతి ఒకటే. ఆ నాలుక కొన మీద మార్కర్‌తో నల్లగా పూయండి. ఆరాక లాక్‌ను పదిసార్లు మూసి తెరవండి. ఇప్పుడు భూతద్దంతో చూడండి.

సిరా కొన పొడవునా సన్నని గీతలా చెరిగి ఉంటే నాలుక సరిగ్గానే తాకుతోంది గానీ పట్టు చాలడం లేదు. ఒక పక్కనే చెరిగితే రేకు మెలి తిరిగింది. అసలు చెరగకపోతే నాలుక కడ్డీని అందుకోవడమే లేదు. రేకు వంపు పోయి నిటారుగా అయ్యిందన్నమాట. వాచీని కాలితో తొక్కినప్పుడో, మీద ఏదైనా బరువు పడినప్పుడో ఇలా జరుగుతుంది.

కాపలా రెక్క ఉన్నవాళ్లు దాని లోపలి పక్కలకూ ఇదే పరీక్ష చేయండి. అక్కడ రెండు వైపులా ఇసుక రేణువంత బుడిపెలు ఉంటాయి. మూత అంచులను అవే పట్టుకుంటాయి.

5. నాలుకను సరిచేయడం

ఇప్పుడు పట్టకారు తీయవచ్చు. అయినా తొందర వద్దు, ఈ ఒక్క పనిలోనే లాక్‌లు ఎక్కువగా చస్తాయి.

ఉక్కును ఒకే చోట అటూ ఇటూ వంచితే ఆ చోటు గట్టిపడి పెళుసుగా మారుతుంది. ఒక వైపు ఒకసారి వంచితే తట్టుకుంటుంది. ఎక్కువైందని వెనక్కి, చాలలేదని మళ్లీ ముందుకు వంచారా, పగులు మొదలవుతుంది. కాబట్టి ఎక్కువ వంచి తగ్గించడం అనే దారి ఇక్కడ లేదు. తక్కువ వంచి చూసి, మళ్లీ తక్కువ వంచాలి.

సిరా కొన పొడవునా చెరిగిన సందర్భంలో: రేకు కదలకుండా నాలుక పక్కనే ఒక చేత్తో గట్టిగా పట్టుకోండి లేదా చెక్క ముక్క మీద ఆనించండి. టేపు చుట్టిన పట్టకారుతో నాలుక కొనను దాని వెడల్పు మొత్తం పట్టుకోండి. ఒక మూల పట్టుకుంటే మెలి తిరుగుతుంది. కడ్డీని ఇంకొంచెం లోతుగా కొరికే దిశలో మణికట్టుతో చిన్న ఒత్తిడి ఇవ్వండి. వదిలేయగానే ఉక్కు చాలావరకు వెనక్కి వస్తుంది. నిలిచే మార్పు కంటికి కనిపించకపోవచ్చు, అదే సరైన మోతాదు. పావు మిల్లీమీటరు కూడా ఇక్కడ చాలా ఎక్కువ. లాక్ మూసి చూడండి. శబ్దంలో తేడా వినిపిస్తుంది, మెత్తగా కూర్చునేది కాస్త గట్టిగా టక్‌మంటుంది. చాలకపోతే మళ్లీ అంతే ఒత్తిడి. రెండు మూడు విడతల్లో అయిపోవాలి.

ఎక్కడ ఆగాలి? లాక్ తెరవడానికి గోరుకు కాస్త పని పడాలి, నొప్పి పుట్టకూడదు. గోరు విరిగేంత బిగుతు గొప్ప కాదు. ప్రతిసారీ అంత బలంతో లాగితే నాలుక ఇంకా త్వరగా అరుగుతుంది, చైను చివరి పిన్ను మీదా భారం పడుతుంది.

సిరా ఒక పక్కే చెరిగినప్పుడు నాలుకను ముట్టుకోకండి. రేకును పక్క నుంచి, కంటి ఎత్తులో పెట్టి చూస్తే మెలి తెలుస్తుంది. రెండు చివరలనూ వేళ్లతో పట్టుకుని, తడిగుడ్డ పిండినట్టు, కాకపోతే చాలా నెమ్మదిగా, ఎదురు దిశలో తిప్పండి. వేళ్ల బలం చాలు. వేళ్లకు లొంగలేదంటే ఆ రేకు మన పని కాదు.

సిరా అసలు చెరగనప్పుడు రేకు వంపు తిరిగి తేవాలి. లావుపాటి స్క్రూడ్రైవర్ పిడి లాంటి గుండ్రటి వస్తువు మీద రేకును ఆనించి, రెండు బొటనవేళ్లతో మధ్య నుంచి చివరల వైపు ఒత్తుతూ పోండి. ఒక్క చోటే ఒత్తితే వంపు రాదు, మడత పడుతుంది. రెండు రేకులూ మడిచినప్పుడు మధ్యలో సందు లేకుండా ఒకదాని ఒడిలో ఒకటి ఒదగాలి. వంపు కుదిరాక సిరా పరీక్ష మళ్లీ చేయండి. చాలాసార్లు నాలుక దానంతట అదే కడ్డీని అందుకుంటుంది.

6. కాపలా రెక్క మాత్రమే లేస్తుంటే

లాక్ పడుతోంది, పైనున్న రెక్క మాత్రం చొక్కా చేతికి తగిలి లేస్తోంది. ఇది చిన్న పని. రెక్క పక్కలు కాలక్రమేణా బయటికి విచ్చుకుని బుడిపెలు మూత అంచులను వదిలేస్తాయి. రెక్కను తెరిచి, మూత మీద కాకుండా గాలిలో ఉంచి, టేపు చుట్టిన పట్టకారుతో రెండు పక్కలనూ ఒకేసారి లోపలికి నెమ్మదిగా నొక్కండి. మూసి ఉండగా నొక్కితే లోపలి మూత అడ్డుపడుతుంది, అంచుల మీద అచ్చు పడడం తప్ప ఫలితం ఉండదు. బుడిపెలే అరిగి చదునైపోతే ఎంత నొక్కినా కొన్నాళ్లే నిలుస్తుంది.

7. గుండీల లాక్, పిన్నులు, కీళ్లు

గుండీల లాక్‌లో వంచడానికి ఏమీ లేదు. ప్రతి గుండీ వెనక ఒక చిన్న స్ప్రింగ్, ఒక కొక్కెం ఉంటాయి. కొక్కేలు రెండూ ఎదుటి బుడిపెను పట్టుకుంటాయి. గుండీ నొక్కితే పూర్తిగా తిరిగి బయటికి రావాలి. ఒకటి లోపలే బద్ధకంగా ఉండిపోతోందంటే జిగురు మురికే కారణం. వెచ్చని సబ్బునీళ్లలో నాననిచ్చి యాభైసార్లు నొక్కి వదలండి, ఆరాక సూది మొనతో ఒక్క చిన్న బొట్టు కుట్టుమిషను నూనె. మిగిలినది తుడిచేయండి, నూనె ఎక్కువైతే దుమ్మును పిలుస్తుంది. గుండీని ఊడదీయకండి. ఊడితే స్ప్రింగ్ ఎటు పోతుందో చెప్పలేం, దొరికినా తిరిగి కూర్చోబెట్టడం ఇంట్లో అయ్యే పని కాదు.

స్ప్రింగ్ పిన్నును బయటకు తీసినప్పుడు రెండు కొనలనూ వేళ్ల మధ్య నొక్కి చూడండి. చురుకుగా వెనక్కి రావాలి. గాజు పలక మీద దొర్లిస్తే ఎగుడుదిగుడు లేకుండా దొర్లాలి. వంగిన పిన్నును సరిచేసి వాడకండి, కొత్తది వేయండి. దాని ఖరీదు వాచీ నేల మీద పడితే అయ్యే ఖర్చుతో పోల్చదగ్గది కాదు. కొత్తది అదే పొడవు, అదే మందం ఉండాలి. లాక్‌లో వాడేవి తరచుగా 1.5 లేదా 1.8 మిల్లీమీటర్ల మందంలో ఉంటాయి. సన్నది వేస్తే రంధ్రంలో ఆడుతూ రంధ్రాన్నే పెద్దది చేస్తుంది. పెట్టాక రెండు వైపులా కొనలు రంధ్రంలోంచి కనిపిస్తున్నాయో లేదో చూసి, చైనును గట్టిగా లాగండి.

రేకుల కీలు దగ్గర పిన్ను పక్కకు జరిగి తల బయటికి వస్తే చెక్క ముక్క మీద ఆనించి, టేపు వేసిన చిన్న సుత్తితో తేలిగ్గా కొట్టి లోపలికి పంపండి. మళ్లీ వస్తోందంటే రంధ్రం అరిగిపోయింది.

ఇక్కడ చాలామంది చేసే పని సూపర్ గ్లూ వేయడం. దయచేసి వద్దు. దాని ఆవిరి ఆరుతూ దగ్గర్లో ఉన్న గాజు మీద, మెరిసే లోహం మీద తెల్లటి పొరలా పేరుకుంటుంది. కీలులోకి జారితే లాక్ మొత్తం బిగుసుకుపోతుంది. చైను లింకులకు స్క్రూలు ఉండి అవి వదులవుతుంటే మాత్రం స్క్రూ బిగువు ద్రవం వాడవచ్చు. లాక్‌టైట్ 222 లాంటి తక్కువ బలం రకం, ఊదారంగులో ఉంటుంది. టూత్‌పిక్ మొనంత తీసుకుని మరలకు మాత్రమే రాయండి. ఎర్ర రంగు బలమైన రకం వేస్తే తర్వాత ఆ స్క్రూ విప్పడం తలనొప్పే.

8. చేతికి పెట్టే ముందు

లాక్‌ను ఇరవైసార్లు మూసి తెరవండి. ఇరవయ్యోసారి శబ్దం మొదటిసారి లాగే ఉండాలి. లాక్ మూసి, పరుపు మీద చేయి చాచి వాచీని పట్టుకుని ఊపండి. రెండు వైపుల చైనునూ పట్టుకుని లాగండి, తర్వాత లాక్‌ను పక్కలకు మెలిపెట్టండి. ఎక్కువ లాక్‌లు నేరుగా లాగినప్పుడు కాదు, ఇలా మెలిపడినప్పుడే విడిపోతాయి. ఈ పరీక్షలన్నీ దాటితే ఒకటి రెండు రోజులు ఇంట్లోనే పెట్టుకుని తిరగండి. బండి మీద, నీళ్ల దగ్గర, మెట్ల మీద వెంటనే వద్దు.

9. కుదరనప్పుడు

నాలుక మొదలు దగ్గర భూతద్దం కింద వెంట్రుకంత గీత కనిపిస్తే అది పగులు, ఇక వంచకండి. కొక్కెం విరిగినా, బుడిపెలు పోయినా, కీలు రంధ్రం కోడిగుడ్డు ఆకారానికి వచ్చినా లాక్ మార్చడమే. మొత్తం చైను మార్చనక్కర్లేదు, లాక్ విడిగా దొరుకుతుంది.

కొలత దగ్గర పొరపాటు పడతారు. వాచీ దగ్గర చైను వెడల్పు వేరు, లాక్ దగ్గర వేరు. చైను సన్నబడుతూ వస్తుంది కాబట్టి వాచీ దగ్గర 20 మిల్లీమీటర్లు ఉన్న చైను లాక్ దగ్గర 18 లేదా 16 ఉండవచ్చు. లాక్ లోపల దూరే చివరి లింకు వెడల్పునే వెర్నియర్ కాలిపర్‌తో కొలవండి. ఆ లింకు మందం కూడా రాసుకోండి. వెడల్పు సరిపోయినా లింకు మందమైతే మూత మూసుకోదు. కొత్త లాక్ స్ప్రింగ్ పిన్ను రంధ్రం మీ పిన్ను మందానికి సరిపోతుందో లేదో కొనేటప్పుడే చూడండి.

పాత లాక్‌ను వెంటనే పారేయకండి. అందులోని స్ప్రింగ్ పిన్నులు బాగుంటే ఒక చిన్న డబ్బాలో వేసి, మూత మీద పొడవు, మందం రాసి ఉంచండి.